ఖాళీ అంటే సున్నా కాదు

ఆ రోజు నా ల్యాప్‌టాప్‌లో రికార్డు వర్షం కురిసింది!

వర్షపాతం లెక్కల ప్రాజెక్టులో చేరి అప్పటికి మూడు నెలలు. ఊళ్లలో వర్షమాపకాల దగ్గర రోజూ రాసే అంకెలన్నీ ఒకచోట చేర్చి, గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్ తయారు చేయడం నా పని. ఒక ఊరి లెక్క చూస్తే జులైలో రెండు రోజులు సున్నా, మూడో రోజు 231 మిల్లీమీటర్లు. మన వాతావరణ శాఖ లెక్కలో ఒక్కరోజులో 204.4 మిల్లీమీటర్లు దాటితే అత్యంత భారీ వర్షం. ఏదో కనిపెట్టేసినట్టు ఫీలైపోయి ఆ గ్రాఫుని ప్రెజెంటేషన్‌లో మొదటి స్లైడ్‌గా పెట్టేశాను.

మా మేడమ్ చూసి ఒక్కటే అడిగారు. "అక్కడ కొలిచే ఆయనతో మాట్లాడావా?"

మాట్లాడలేదు. ఫైలు చేతిలో ఉండగా ఫోన్ ఎందుకు అనుకున్నాను. చేశాక ఆయన నవ్వేశారు.

"సున్నా అని నేనెక్కడ రాశాను బాబూ? వాగు పొంగి రెండ్రోజులు గేజీ దగ్గరికి దారే లేదు. అందుకే ఖాళీగా వదిలేశా. మూడో రోజు పోయి, ఉన్న నీళ్లన్నీ కొలిచి రాశా. పక్కన 'మూడు రోజులది' అని కూడా పెట్టా కదా!"

గ్రాఫుకి అడ్డొస్తున్నాయని ఖాళీ గడులన్నీ సున్నాతో నింపేసింది నేనే. పనికిరాదనుకుని 'రిమార్క్స్' కాలమ్ తీసేసిందీ నేనే. వాన ఎక్కువై కొలవలేకపోయిన రోజులు నా సాఫ్ట్‌వేర్‌లో చినుకు పడని రోజులైపోయాయి. ఒక్క ఎర్రర్ మెసేజ్ కూడా రాలేదు. అందుకే భయమేసింది. ఇలాంటి లెక్కలు చూసే కదా కల్వర్టు ఎంత పెద్దది కట్టాలో, పంట బీమా ఎవరికి ఇవ్వాలో తేల్చేది!

ఇంకో పెద్ద తప్పు కూడా చేశాను. మార్చినదాన్ని అసలు ఫైలు మీదే సేవ్ చేశాను. మిగతా ఊళ్లలో ఏది నిజమైన సున్నా, ఏది నేను పెట్టిన సున్నా? చెప్పే దారి లేదు. చివరికి కాగితం రిజిస్టర్లే దిక్కయ్యాయి. రెండు వారాలు ఒక్కో పేజీ తిరగేసి సరిచేశాను.

ఇలాంటివి నా ఒక్కడికే జరగలేదని తర్వాత తెలిసింది. మార్చ్1, సెప్ట్2 అనే మనిషి జన్యువుల పేర్లని ఎక్సెల్ తేదీలనుకుని మార్చేసేది. జన్యువుల జాబితాలని ఎక్సెల్ ఫైళ్లలో జతచేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు ఐదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. చివరికి పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ కమిటీ ఆ జన్యువుల పేర్లనే మార్చాల్సి వచ్చింది. మార్చ్1 ఇప్పుడు మార్చ్‌ఎఫ్1!

ఇప్పుడు నా పద్ధతి మారింది. వచ్చిన ఫైలుని వచ్చినట్టే దాచి, కాపీ మీదే పని చేస్తాను. ఖాళీని ఖాళీగానే ఉంచి, ఎందుకు ఖాళీయో పక్కన రాస్తాను. కోడ్ మొదలుపెట్టే ముందు, ఆ అంకె రాసిన మనిషికి ఫోన్ చేస్తాను. వాన లెక్కలో రోజు అర్ధరాత్రి మారదు, ఉదయం 8:30కి మారుతుంది అని నాకు చెప్పింది కూడా ఆయనే. అది తెలియక తెల్లవారుజామున పడ్డ వానని నేను ఏ తేదీలో వేసేవాణ్నో!

మొన్న వానలకి మళ్లీ ఫోన్ చేశాను. కుశల ప్రశ్నలయ్యాక ఆయనే అడిగారు.

"ఈసారి నా ఖాళీలు ఖాళీగానే ఉన్నాయా బాబూ?"

"ఉన్నాయండీ. రిమార్క్స్ కూడా ఉంది" అన్నాను.