మూతపడని కవాటం

హౌరా నుండి వాల్తేరు దిక్కుగా బయలుదేరిన రైలు మొట్టమొదట దాటే స్టేషను టికియాపారా. బండి ఇంకా వేగం అందుకోకముందే అది వచ్చి పోతుంది. స్వస్థలాలకు తరలే తెలుగు ప్రయాణికులు ఆ వేళకు సామాను సర్దుకొనే సందడిలో ఉంటారు గనుక, కిటికీలోనుండి ఆ పేటను పరికించేవారు అరుదు. పరికిస్తే రైలుపెట్టెల డిపో, వరుసలుగా నిలిచిన ఖాళీ బండ్లు, వాటికి ఆవల రేకుల కప్పులు కనిపిస్తాయి. ఆ రేకుల కింద, ముఖ్యంగా బెలిలియస్ రోడ్డు పొడవునా, లేతు యంత్రాలు తిరుగుతూనే ఉంటాయి. కలకత్తాకు హుగ్లీ ఆవలి ఒడ్డున ఉన్న హౌరాను ఒకప్పుడు తూర్పుదేశపు షెఫీల్డు అనేవారు. న్యూయార్కు వీధులలో జనం తొక్కి నడిచే ఇనుప మూతలలో కొన్ని ఈ హౌరా ఫౌండ్రీలలో పోతపోసినవే.

అటువంటి ఒక ఫౌండ్రీ ఆవరణలో అచ్చు ఇసుకను, పాత ఇనుమును ఎత్తిపోసే ముసలి ట్రాక్టరు లోడరు ఒకటి ఉండేది. దాని యజమానీ డ్రైవరూ ఒక్కడే. బెంగాల్ నాగపూరు రైల్వే కాలంలో ఆంధ్రతీరం నుండి ఖరగ్‌పూరుకు వలసవచ్చిన అనేక కుటుంబాలలో ఒకదానికి చెందినవాడు. అతనికి తోడు మేనల్లుడు, పద్దెనిమిదేళ్ళవాడు. ఆ బండి ఎత్తినంత ఇసుకకే వారి ఇంట పొయ్యి వెలిగేది.

వర్షాకాలం వెళ్ళిన తరువాత బండికి ఒక జబ్బు పట్టుకుంది. బకెట్టు బరువునైతే చక్కగా ఎత్తుతుంది. లీవరు వదిలిన తరువాత మాత్రం చేతులు వాటంతట అవే కిందికి దిగుతాయి. ఉదయం చల్లని నూనెతో నెమ్మదిగా, మధ్యాహ్నానికి నూనె కాగి పలచబడ్డాక గబగబా. ఒక మెకానిక్కు సిలిండర్లు విప్పి లోపలి సీళ్ళు మార్చాడు. గుణం కనిపించలేదు. సీళ్ళు నాసిరకమని మరొకడు మళ్ళీ మార్చాడు. రెండు పర్యాయాల ఖర్చుకు డ్రైవరు ఇంట్లో ఒక జత గాజులు తాకట్టుకు వెళ్ళాయి. బకెట్టు మాత్రం దిగుతూనే ఉంది.

అప్పుడెవరో టికియాపారాలోని ఒక వృద్ధ మిస్త్రీ పేరు చెప్పారు. ఆయన వచ్చేసరికి మేనల్లుడు ఎత్తి ఉంచిన బకెట్టు కింద కూర్చుని గొట్టాలు తుడుస్తున్నాడు. మిస్త్రీ పనిముట్ల సంచి కూడా దించలేదు.

"ముందు ఆ పిల్లవాడిని బయటికి రమ్మను, బేటా. తరువాత మాట్లాడుకుందాం."

"వాడికి అలవాటే, చాచా," అన్నాడు డ్రైవరు.

"బకెట్టుకు నీ మేనల్లుడని తెలియదు."

రెండు దుంగలు తెప్పించి, ఎత్తిన చేతుల కింద జానెడు సందు మాత్రం వదిలి ఆనించేవరకు ఆయన బండిని తాకలేదు. గొట్టాలమీద నూనె చెమ్మను చేతితో తడిమి చూడబోయిన కుర్రవాడిని మరోసారి కసిరాడు. ఆ ఒత్తిడిలో సూదిబెజ్జమంత రంధ్రం నుండి చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకొని ఒంట్లోకి పోతుంది. పైకి ముల్లు గుచ్చుకున్న గుర్తే ఉన్నా, వెంటనే శస్త్రవైద్యుని దగ్గరికి చేర్చకపోతే వేలో చేయో పోగొట్టుకోవలసి వస్తుంది. కారుడును అట్టముక్కతో వెదకాలి. నేల పొడిగా ఉంది, అట్టమీద మరక పడలేదు. నూనె బయటికి పోవడం లేదన్నమాట.

మూసిన పాత్రలోని ద్రవంమీద కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుందని చెప్పినవాడు 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్. దానిని ఆధారం చేసుకొని 1795లో జోసెఫ్ బ్రామా అనే ఆంగ్లేయుడు నీటి ఒత్తిడితో పనిచేసే ప్రెస్సుకు పేటెంటు పొందాడు. అతనిని వేధించిన సమస్య కూడా ఇదే: పిస్టను పక్కనుండి నీరు కారిపోవడం. అతని కార్ఖానాలోని యువకుడు హెన్రీ మాడ్స్‌లే రూపొందించిన తోలు పట్టీ ఆ చిక్కు తీర్చిందంటారు. ఒత్తిడి పెరిగినకొద్దీ మరింత బిగిసే పట్టీ అది. నేటి సీళ్ళు దాని సంతానమే. అందుచేత, బరువు దిగిపోతున్నదనగానే సీలునే అనుమానించడం సహజం.

మిస్త్రీ మాత్రం టీకొట్టు నుండి గాజుగ్లాసు తెప్పించి అంచుదాకా నీళ్ళు నింపాడు. అందులో స్క్రూడ్రైవరు ముంచాడు. నీళ్ళు పొర్లాయి.

"చువ్వ లోపలికి వచ్చినంత మేరా నీళ్ళు బయటికి పోవాలి. పోవడానికి దారి లేకపోతే?"

కుర్రవాడు కాసేపు ఆలోచించి, "చువ్వ దిగదు," అన్నాడు.

విషయమంతా అక్కడే ఉంది. బకెట్టు దిగాలంటే సిలిండరులోనికి ఉక్కు రాడ్డు చొచ్చుకొని రావాలి. పిస్టను సీలు పూర్తిగా చెడినా, నూనె పిస్టనుకు ఒక పక్కనుండి రెండో పక్కకు మారుతుందేగాని, వచ్చిన రాడ్డుకు చోటు దొరకదు. రెండు దారులనూ వాల్వు గట్టిగా మూసి ఉంటే బరువు ఆ ఇరుకున పడ్డ నూనెమీదనే ఆగుతుంది. ఎంతకూ ఆగకుండా దిగుతున్నదంటే నూనె సిలిండరు వదలి ట్యాంకు చేరుతున్నదన్నమాటే. సీలు చెడితే తెలిసేది ఎత్తేటప్పుడు: అప్పుడు రెండో దారి తెరిచి ఉంటుంది గనుక నూనె అటు జారిపోయి బలం తగ్గుతుంది. ఈ బండికి బలం తగ్గలేదు. రెండుసార్లు మార్చిన సీళ్ళు నేరం చేయనివి.

మన పాఠ్యపుస్తకాలు వాల్వును కవాటం అంటాయి. ఏ షెడ్డులోనూ ఎవరూ అనరుగాని, మాట చక్కనిది, కవాటమంటే తలుపే. ఇక్కడ తలుపు వేసినట్లే ఉండి మూతపడటం లేదు.

అయినా మిస్త్రీ వాల్వు విప్పలేదు. ఖర్చులేని కారణాలు ముందు చూడాలన్నది ఆయన పద్ధతి. సిలిండరు రాడ్డుమీద సుద్దతో గీతగీసి, గడియారం చూశాడు: వేడి నూనెతో రెండు నిమిషాలలో అంగుళం. లీవరును వాల్వుకు కలిపే కడ్డీ తుప్పుతోనో వంపుతోనో స్పూలును నడిమి స్థానానికి రానివ్వడం లేదేమోనని పిన్ను తీసి వేరుచేశాడు. మళ్ళీ రెండు నిమిషాలే. పంపు గొట్టానికి ప్రెషరు గేజి తగిలించి చూస్తే ముల్లు 2,000 పౌన్లదాకా లేచి నిలబడింది. పంపుకుగాని, రిలీఫ్ వాల్వుకుగాని దోషం లేదు. ఇక మిగిలింది స్పూలు ఒక్కటే.

బకెట్టును నేలకు దించి, ఇంజను ఆపి, లీవరును ఇటూ అటూ ఆడించి మిగిలిన ఒత్తిడి పోగొట్టారు. వాల్వును ఊడదీసి, ఆ ఇసుక ఆవరణలో తెరవక పాలిథీను గుడ్డలో చుట్టి బెలిలియస్ రోడ్డుకు మోసుకుపోయారు. కిరసనాయిలుతో కడిగి, స్పూలును మెల్లగా లాగి దీపం వెలుగుకు పట్టాడు మిస్త్రీ. అద్దంవలె మెరిసే ఆ ఉక్కుకడ్డీకీ దాని రంధ్రానికీ నడుమ ఉండవలసిన ఎడం కొద్ది మైక్రాన్లు మాత్రమే. తలవెంట్రుక అందులో పట్టదు. రబ్బరు పట్టీ లేదు, తోలు లేదు. ఆ సందు ఇరుకుతనమే అక్కడ నూనెను ఆపుతుంది. స్పూలుమీద నిలువునా నాలుగు గీతలు. గోరుతో రాస్తే తగులుతున్నాయి.

"ఇసుక," అన్నాడు మిస్త్రీ. "ఎక్కడినుండి వచ్చింది?"

డ్రైవరు వెంటనే జవాబు చెప్పలేదు. వర్షాలకు ముందు హైడ్రాలిక్ ట్యాంకు గాలిమూత ఊడిపోయింది. కొత్తది కొనడానికి బద్ధకించి ఆ నోట్లో గుడ్డపీలిక కుక్కాడు. నూనె మట్టం తగ్గినప్పుడల్లా ట్యాంకు గాలి పీల్చుకుంటుంది. ఫౌండ్రీ గాలి అంటే సన్నని ఇసుకే. గాజులు తాకట్టుపెట్టించినది ఇద్దరు మెకానిక్కుల పొరపాటేనని అన్ని వారాలూ వారిని తిట్టుకున్నవాడు ఇప్పుడు తలవంచుకొని ఆ సంగతి ఒప్పుకున్నాడు. మిస్త్రీ మందలించలేదు. పీలికను చూపుడువేలికి చుట్టుకొని కాసేపు చూసి పక్కన పెట్టాడు.

అంత పాత బండికి కొత్త వాల్వు దొరకదు. రంధ్రాన్ని హోనింగుతో నునుపుచేసి, స్పూలుకు హార్డ్ క్రోం పూత ఎక్కించి, ఆ రంధ్రానికే సరిపోయేటట్లు గ్రైండింగు పట్టాలి. ఒకదాని స్పూలు మరొకదానికి కుదరదు. ఆ వీధిలో ఒకరు హోనింగు, ఒకరు పూత, మరొకరు గ్రైండింగు; అన్నీ నడిచి వెళ్ళేంత దూరంలోనే. నాలుగు రోజులు పట్టింది. ఆ లోపున మామా అల్లుళ్ళు ట్యాంకు కడిగి, అడుగున పేరుకున్న బురద తోడి, జల్లెడా నూనే మార్చి, కొత్త గాలిమూత బిగించారు.

అయిదవనాడు బకెట్టు నిండా ఇసుకతో మళ్ళీ సుద్దగీత. రెండు నిమిషాలకు గీత కదలలేదు. పదినిమిషాలకు నూలుపోగంత దిగింది. డ్రైవరు ముఖం వాడిపోవడం చూసి మిస్త్రీ నవ్వాడు. స్పూలు వాల్వు ఎంత కొత్తదైనా ఆ మాత్రం వదులుతుందనీ, వదలకపోతే స్పూలు కదలనే కదలదనీ చెప్పి, మడ్గార్డు లోపలి వైపున సుద్దతో ఆనాటి తేదీ, దాని పక్కన "10 నిమిషాలు, ఒక నూలుపోగు" అని వ్రాయించాడు. వచ్చే నెల ఇదే రోజున మళ్ళీ కొలిచి దాని కిందనే వ్రాయమన్నాడు.

వ్రాసింది మేనల్లుడు. వ్రాయబోయే ముందు దుంగలు రెండూ ఈడ్చుకువచ్చి చేతుల కింద ఆనించాడు.