ఖర్జూరపు గింజ, మామిడి టెంక

రోమనులు మెచ్చిన యూదయ ఖర్జూరపు తోటలు కాలక్రమంలో అంతరించాయి. మృతసముద్ర తీరాన మసాదా కోటలో 1960ల తవ్వకాలలో దొరికిన ఖర్జూరపు గింజలు నలభై యేళ్లు సొరుగులోనే ఉండిపోయాయి. 2005లో ఎలైన్ సొలోవే నాటగా ఒకటి మొలకెత్తింది. దాని వయస్సు దాదాపు రెండువేల యేళ్లు! బైబిలులోని దీర్ఘాయుష్కుని పేరిట 'మెతూషెల' అన్నారు. తీరా చూస్తే అది మగచెట్టు. ఖర్జూరాలలో ఆడ, మగ వేరు కదా. తరువాత మరికొన్ని ప్రాచీన బీజాలు నాటితే 'హన్నా' అనే ఆడచెట్టు లభించింది. మెతూషెల పుప్పొడితో 2020లో అది 111 పండ్లనిచ్చింది.

ఇది చదివి బీరువా తెరిచాను. పెరటి మామిడిని కొట్టించిన యేడు మా అమ్మ దాచుకొన్న టెంక అందులో ఉన్నది. మామిడి విత్తు ఎండితే మొలవదు. ఒక్క అంటయినా కట్టించమని ఆమె అన్నది; గొడ్డలివానికి కూలి ఇచ్చేటప్పుడు నాకది గుర్తు రాలేదు.