వంతెనకు విసనకర్ర

మా రాజమండ్రి మనుషులకు వంతెనలను గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. 1997లో రైళ్లకు సెలవిచ్చి విశ్రాంతి తీసుకుంటున్న హేవలాక్ వంతెనను రోజూ చూస్తూనే వున్నాం. 1974 నుంచి కిందుగా రైళ్లనీ మీదుగా బస్సులనీ మోస్తున్న రోడ్డు-రైలు వంతెన మీద కొవ్వూరుకు ఎన్నిసార్లు వెళ్లివచ్చామో లెక్కలేదు. అలాంటి నాకు, కంప్యూటరు పెట్టెలో కూడా వంతెనలుంటాయనీ, వాటికి కూడా వడదెబ్బ తగులుతుందనీ, నలభై అయిదేళ్లు వచ్చాక మా మేనల్లుడు చెప్పవలసి వచ్చింది.

పాతకాలపు మదర్‌బోర్డుల మీద రెండు పెద్ద చిప్పులుండేవి. ఆ జంటనే చిప్‌సెట్ అంటారు. ఒకటి నార్త్ బ్రిడ్జి, రెండోది సౌత్ బ్రిడ్జి. ఉత్తర సేతువు, దక్షిణ సేతువు అన్నాను నేను. తెలుగు మేష్టారి నోరు వూరుకోదు కదా! మావాడు నవ్వి, "పేరేదైనా పని ఒకటే మామయ్యా" అన్నాడు. వాడు చెప్పినదాన్ని మా ఆవిడకు అర్థమయ్యేటట్టు నేను ఇలా చెప్పాను: ప్రాసెసరు పొయ్యి దగ్గర వంట చేసే మనిషి. మెమొరీ సామాన్ల గది. నార్త్ బ్రిడ్జి ఈ రెండింటికీ మధ్య పప్పూ ఉప్పూ అందిస్తూ పరుగులెత్తే మనిషి. వంటమనిషిని తొందరపెడితే, అందించే మనిషి కూడా అంతకంత పరుగెత్తవలసిందే.

"అంటే ఆ మూడో మనిషిని నేనన్నమాట" అంది ఆవిడ. ఆ సంభాషణను నేను పొడిగించలేదు.

ఇంతకీ మా పెట్టె 2007లో కొన్నది. ఈ రోజుల్లో దాన్ని పాతసామాన్ల వాడు కూడా మొహమాటపడి తీసుకుంటాడు. అయినా దాన్ని వుంచుకోవడానికి కారణం వుంది. దాని వెనకవైపు లేతనీలం రంగులో ఒక రంధ్రం వుంటుంది. టేప్‌రికార్డరు తీగను అందులో గుచ్చితే క్యాసెట్టులోని పాట నేరుగా కంప్యూటరులోకి ఎక్కుతుంది. మా నాన్నగారు హైస్కూలులో తెలుగు పండితులు. సాయంత్రాలు పద్యనాటకాలలో కృష్ణుడి వేషం. 'పాండవోద్యోగ విజయాలు' ఆయనకు కంఠోపాఠం. 1986 మొదలు అయిదారేళ్లపాటు ఇంట్లో కూర్చుని పాడి నింపిన క్యాసెట్లు పధ్నాలుగు మిగిలాయి. ఆయన పోయి ఆరేళ్లయింది. క్యాసెట్ల లోపలి టేపు ముడతలు పడింది. కొన్నింటిలో టేపును అదిమి పట్టే చిన్న దూది మెత్త వూడిపోయింది. పెన్సిలు దూర్చి తిప్పుతుంటే గుండె దడదడమనేది. ఒక్కసారి సరిగ్గా పలికితే అదే పదివేలు. రెండోసారి తిప్పితే తెగదని ఎవరు హామీ ఇస్తారు?

ఎండాకాలపు సెలవులకు కాకినాడ నుంచి వచ్చిన మేనల్లుడు ఈ పని నెత్తిన వేసుకున్నాడు. పాటను ఎక్కించడం పెద్ద పని కాదట. దానిలోని బుసబుస చప్పుడును గొంతు చెడకుండా తీసెయ్యడమే యంత్రానికి చాకిరీ. ఒక్కోవైపు నాలుగైదుసార్లు చేసి చూస్తే గాని వాడికి నచ్చదు. చేసిన ప్రతిసారీ యంత్రం కునికిపాట్లు పడుతుంది. అంచేత వాడు యంత్రానికి వేగం పెంచాడు. ఓవర్‌క్లాకింగ్ అంటారు.

ఆ లెక్క నాకు కూడా అర్థమైంది. మా ఇంటెల్ ప్రాసెసరుకు మూలవేగం 200 మెగాహెర్ట్జ్, దాన్ని తొమ్మిదితో హెచ్చవేస్తే 1800. ఆ తొమ్మిదిని పది చెయ్యడానికి వీల్లేకుండా తాళం వేసి అమ్ముతారు. మూలవేగాన్ని మాత్రం పెంచుకోవచ్చు. 333 చేస్తే, తొమ్మిది పెట్టి హెచ్చవేసినప్పుడు రమారమి 3000! ఎద్దుల బండి మోటారు బండి అయింది. కాని ఆ మూలవేగం ప్రాసెసరు ఒక్కదానిదే కాదు. నార్త్ బ్రిడ్జి కూడా దాని తాళానికే అడుగు వెయ్యాలి. మా బోర్డు మీది 965 చిప్పుకు కంపెనీ ఒప్పుకున్న వేగం 266 దాకానే. దాన్ని 333కు లాగితే తడబడుతుంది. తడబడకుండా వోల్టేజీ పెంచాలి. వేడి వేగంతో సమానంగా పెరిగితే, వోల్టేజీతో వర్గుగా పెరుగుతుంది. 1.25 వోల్టులను 1.40 చేస్తే ఆ ఒక్కదానివల్లే నూటికి పాతిక పాళ్లు వేడి ఎక్కువ. వేగం తెచ్చిన పాతికను కూడా కలిపితే, మొత్తం ఒకటిన్నర రెట్లకు పైమాటే. బొటనవేలి గోరంత చోటులో జీరో బల్బును మించిన వేడి పుట్టి, పైన తొడిగిన అల్యూమినియం రేకుల టోపీ గుండా బయటికి పోవాలి.

పోలేదు. రెండో క్యాసెట్టు సగంలో వుండగా తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ. 2020లో కరోనా రోజుల్లో కొన్న, నుదుటికి గురిపెట్టే జ్వరం తుపాకీని మా ఆవిడ తెచ్చి ఆ టోపీకి గురిపెడితే, అది అంకె చెప్పలేక "హై" అని చేతులెత్తేసింది. నేను వేలు పెట్టి చూశాను. అట్లపెనమే!

"పెంచిన వేగం తగ్గించరాదుట్రా?" అన్నాను. వాడు మారుమాట లేకుండా తగ్గించాడు. పాట ఎక్కించేటప్పుడు మామూలు వేగమే చాలునన్నాడు. అయినా మర్నాడు మూడుగంటల ఎండలో మళ్లీ బిగుసుకుంది. దాంతో తేలిందేమిటంటే, దోషం వేగానిది మాత్రమే కాదు. వేడి పోయే దారే మూసుకుపోయింది.

టోపీని వూడదీశాం. చిప్పుకూ లోహానికీ మధ్య వుండవలసిన థర్మల్ పేస్టు పదిహేడేళ్లకు ఎండిన గంధంలా పెచ్చులు కట్టింది. రెండు లోహపు పలకలను ఎంత నున్నగా చేసినా వాటి మధ్య కంటికి కనిపించని గుంటలుంటాయట. ఆ గుంటల్లో గాలి నిలుస్తుంది. గాలి వేడిని దాటనివ్వదు. దానితో పోలిస్తే అల్యూమినియం కొన్నివేల రెట్లు నయం. ఆ గాలిని వెళ్లగొట్టడానికే పేస్టు. అంటే పల్చగా రాయాలి. "ఎక్కువ వేస్తే ఇంకా చల్లగా వుంటుందేమోరా" అని మా ఆవిడ అంటే, వాడు, "లేదత్తయ్యా, పేస్టు లోహమంత బాగా వేడిని మోయదు. గుంట నిండితే చాలు. లేపనం మందమైతే అదే అడ్డు" అన్నాడు. నాకు ఈ మాట బాగా నచ్చింది. వ్యాఖ్యానం ఎక్కువై పద్యం కనబడకుండా పోయిన పుస్తకాలు నా బీరువాలో చాలా వున్నాయి.

సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టులో ఐసోప్రొపైల్ ఆల్కహాలు దొరికింది. నూలుగుడ్డతో పాత పెచ్చులు తుడిచి, బియ్యపుగింజంత కొత్త పేస్టు వేసి టోపీ తొడగబోతే, బోర్డుకు దాన్ని పట్టివుంచే ప్లాస్టిక్ మేకుల్లో ఒకటి పుటుక్కుమంది. ఎండల్లో మాగి పెళుసెక్కింది మరి. నా ఎర్రసిరా బాల్‌పెన్నులోంచి స్ప్రింగు తీశాడు. ఒక సన్నటి బోల్టు, దాని కింద బోర్డు మీది తీగలు కలిసిపోకుండా పైబరు వాషరు, పైన ఆ స్ప్రింగు. మరీ బిగిస్తే చిప్పు పగులుతుంది, వదులైతే వేడి దాటదు, స్ప్రింగు మధ్యేమార్గం. పరీక్ష పేపర్లు దిద్దే పెన్ను ఇంతకంటె మంచిపనికి ఎన్నడూ పోలేదు.

ఆఖరున విసనకర్ర. పాత పెట్టెలోంచి వూడదీసిన అరచెయ్యంత పంకాను ప్లాస్టిక్ పట్టీలతో కట్టి, టోపీ రేకుల మీదికి గాలి కొట్టేట్టు వేలాడదీశాడు. కొట్టులో కణుపంత చిన్న పంకాలు కూడా అమ్ముతారు గాని, అవి అంత గాలి ఇవ్వాలంటే గిర్రున తిరగాలి, తిరిగితే దోమలా రొద. పెద్దది నిదానంగా తిరిగినా చాలు. అయితే ఏ పంకా అయినా గదిలోని గాలినే విసురుతుంది, గదికంటె చల్లబరచలేదు. వట్టివేళ్ల తడక కట్టి నీళ్లు చల్లుదామా అని నేనంటే వాడు చేతులు జోడించాడు. అంచేత క్యాసెట్ల పని తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు దాకా, శుద్ధిచేసే పని రాత్రిపూట అని వేళలు పెట్టాం. నన్నడిగితే, పేస్టుతో సమానంగా ఆ వేళలే పనిచేశాయి.

కొత్త కంప్యూటర్లకు ఈ బాధ లేదట. 2003లో ఎ.ఎం.డి. వారూ, 2008లో ఇంటెల్ వారూ మెమొరీతో మాట్లాడే పనిని ప్రాసెసరుకే అప్పగించడం మొదలుపెట్టాక, ఉత్తర వంతెన క్రమంగా కనుమరుగైంది. మళ్లీ 2019లో ఎ.ఎం.డి. వారి ఎక్స్570 చిప్‌సెట్ వేడెక్కుతున్నదని, దాని బోర్డుల మీద బుల్లి పంకాలు తిరిగి ప్రత్యక్షమయ్యాయి.

పధ్నాలుగింటిలో పదమూడు పూర్తిగా ఎక్కాయి. ఒకటి మొదట్లోనే తెగింది, అది యంత్రం తప్పు కాదు. వంతెన మళ్లీ బిగుసుకోలేదు. శుద్ధిచేసేటప్పుడు 333 వేగానికి పెంచినా టోపీ మీద వేలు నిలిచింది.

తొమ్మిదో క్యాసెట్టు ఎక్కించిన రోజున ఇంకా తెల్లారలేదు. పద్యం మధ్యలో రాగం తియ్యబోతూ నాన్నగారు ఆగారు. దగ్గారు. తర్వాత, పాటలో కాదు, మామూలు గొంతుతో, "ఒరే చంటీ, ఆ పంకా ఆపరా, చప్పుడు పడుతోంది" అన్నారు. అప్పుడు నాకు ఏడేళ్లుంటాయి.

మేనల్లుడు వులిక్కిపడి పెట్టె మీదికి చెయ్యి చాపాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని ఆపాను.