కొండవతలి కోడలు

పెళ్లిపందిట్లో ప్రవర చెప్పేటప్పుడు మీరెప్పుడైనా చెవి ఒగ్గి విన్నారా? సన్నాయి మోతలో, చుట్టాల పలకరింపుల్లో ఆ నాలుగు మాటలూ కొట్టుకుపోతాయి. పిల్ల ముత్తాత పేరు, తాత పేరు, తండ్రి పేరు వరసపెట్టి నలుగురిలో వినపడేది అక్కడే. నప్త్రీం, పౌత్రీం, పుత్రీం అంటూ పురోహితుడు ముమ్మారు చెబుతాడు. ఆ తర్వాత అత్తింట్లో ఆ పేర్లు మళ్లీ ఎవరి నోటా రావు. గోత్రం మారుతుంది, ఇంటిపేరు మారుతుంది. రేపు కొడుకు పెట్టే తద్దినంలో కూడా ఆమెను పిలిచేది మొగుడి గోత్రంతోనే.

మా ఆయన వాళ్ల వంశచరిత్ర రాయడానికి నేను పూనుకున్నాక నన్ను నిలవనీయనిది ఇదే. పామూరులో మా అత్తవారి మగవాళ్ల పేర్లు అయిదు తరాలకూ దొరికాయి. తాత పేరే మనవడికి పెట్టుకుంటూ వచ్చారు కాబట్టి తరం వదిలి తరం అవే పేర్లు. ఎవరు ఎవరో తేల్చుకోవాలంటే పక్కన భార్య పేరు ఉండాలి. అది మాత్రం ఉండదు.

"ఏందమ్మే, మొగోళ్ల పేర్లు రాస్తే చాలదా? ఆడోళ్లు వస్తా ఉంటారు, పోతా ఉంటారు" అన్నారు మా అత్తగారు.

"మీరూ అట్టా వచ్చినవారేగా అత్తయ్యా?" అన్నాను.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఉదయగిరి పక్కనున్న తన పుట్టిల్లు, ఆ ఇంటి ముందు బావి, వాళ్లమ్మను ఏ ఊరినుంచి తెచ్చుకున్నారో అన్నీ చెప్పుకొచ్చారు. నిద్రపోయే వేళ దాటినా ఆపలేదు. అరవై ఏళ్ల కాపురంలో ఆ ఇంట్లో ఆవిణ్ణి ఆ సంగతులు అడిగినవాళ్లు లేరు.

కాగితాల సంగతీ చెబుతాను. ఒంగోలు జిల్లా 1970లో ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. అంతకుముందు పామూరు నెల్లూరు జిల్లాలోది. అందుకని ఇక్కడివాళ్ల పాత జాడలు వెతకాలంటే నెల్లూరు రికార్డులు తిరగేయాలి. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాలుగా అచ్చువేశారు. పామూరు ఉన్న కనిగిరి తాలూకా శాసనాలకు అందులో విడిగా చోటుంది. గుడికి మాన్యమిచ్చిన రాజులు, నాయకులు కనపడతారు. మన ఇళ్లలాంటి ఇళ్లు కనపడవు. మన ఇళ్లు ఉన్నది దస్తావేజుల్లో, పారీఖత్తుల్లో, పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం కాగితాల్లో. మా మామగారి ట్రంకుపెట్టెలో కట్టలన్నీ విప్పి చూశాను. రామారావుగారి ప్రభుత్వం 1985 సెప్టెంబరు నుంచి ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది. ఆ తర్వాత రాసుకున్న కాగితాల్లోనే మా ఇంటి ఆడబిడ్డల సంతకాలు మొదటిసారి కనిపించాయి. ఆ సంతకాలను వేలితో తడుముతూ చాలాసేపు కూర్చున్నాను.

ఇక అసలు కథ. మా ఆయన తాతకు నాయనమ్మ ఒకావిడ "ధాతలో వచ్చింది, కొండవతల నుంచి" అని ఇంట్లో అనుకుంటారు. పేరెవరికీ గుర్తులేదు. ధాత నామ సంవత్సరం అరవై ఏళ్లకొకసారి వస్తుంది: 1876, 1936, 1996. వీటిలో ఏది? ఆవిడ మనవడు వేలిముద్ర వేసిన దస్తావేజు ఒకటి దొరికింది. దాని మీద ఫసలీ 1329 అని, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం, ఉంది. ఫసలీకి 590 కలిపితే 1919. మనవడు అప్పటికే పొలం రాయించుకునే వయసువాడు కాబట్టి ఆవిడ వచ్చింది 1876లోనే.

అంటే ధాత కరువు. నెల్లూరు, కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు అల్లాడిపోయిన ఏడాది. గింజ దొరకని రోజుల్లో వెలిగొండ దాటించి ఒక పిల్లను ఇటు పంపారు. ఇటువైపు మాత్రం ఏముంది, ఇదీ మెట్ట నేలే. ఆ పిల్ల బతికి పిల్లల్ని కన్నది కాబట్టే ఇవాళ నేను రాయడానికి ఒక ఇల్లంటూ ఉంది.

కొండవతల అంటే బద్వేలు కావచ్చు, పోరుమామిళ్ల కావచ్చు. పోరుమామిళ్ల చెరువు శాసనం ఉంది చూశారూ, 1369 నాటిది, అందులో వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేసి ఆ కట్ట వేశారని లెక్క చెక్కారు. చెరువు తవ్వించిన భాస్కర భవదూరుడి పేరు నిలిచింది. ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరూ మనకు తెలియదు. అది చదివినప్పుడు నాకు మా ఇంటి వంశవృక్షమే గుర్తొచ్చింది.

పూర్వం వంశరాజులు ఇళ్లకు వచ్చి గోత్రాలు, పుట్టుపూర్వోత్తరాలు పాడి చెప్పేవారు. మా అత్తగారు చిన్నప్పుడు పుట్టింటి అరుగు మీద విన్నారట. మా వైపు ఆ రాకపోకలు ఎప్పుడో ఆగిపోయాయి. వాళ్ల నోట ఉన్నదాన్ని ఇప్పుడు కాగితాల్లో వెతుక్కోవలసి వస్తోంది.

నేను రాస్తున్న పుస్తకంలో ప్రతి తరానికీ ముందు కోడలి పుట్టింటి ఊరు, ఇంటిపేరు, తల్లిదండ్రుల పేర్లు వేస్తున్నాను. మగవాళ్ల వివరాలు ఆ తర్వాతే. రెండో పుటలో ఒక పేరు చోటు ఖాళీగా ఉంచాను. బద్వేలు, పోరుమామిళ్ల వైపు చదువరులు ఎవరైనా ఉంటే మీ ఇంట్లో పెద్దావిడను ఒక్క మాట అడగండి: ధాత కరువులో మీ ఇంటి పిల్లను పామూరు వైపు ఇచ్చారని ఎవరైనా అనుకోగా విన్నారా అని. విని ఉంటే నాకు రాయండి.