ఇనప్పెట్టెలో ఉన్నాయిగా

2013 జూన్ 11, మంగళవారం. కొలరాడో స్ప్రింగ్స్‌కు ఈశాన్యంగా బ్లాక్ ఫారెస్ట్ అని ఒక చోటు ఉంది. ఊరనడానికి లేదు, అడవి అనడానికీ లేదు. పైన్ చెట్ల మధ్య దూరం దూరంగా ఇళ్లు. అందులో ఒకటి మేము అద్దెకు తీసుకున్నాం. ఆ రోజు ఎండ మండిపోతోంది, దానికి తోడు ఈదురుగాలి. పెద్దదానికి నాలుగేళ్లు, చిన్నవాడికి పది నెలలు. మా ఆయన అమెరికా సైన్యంలో సార్జంట్. శిక్షణకని కాలిఫోర్నియాలో ఫోర్ట్ అర్విన్ ఎడారికి వెళ్లారు, ఫోనుకు దొరకరు.

పిల్లలకు పెరుగన్నం పెడుతుంటే పక్కింటి పెద్దాయన తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. వియత్నాం యుద్ధం చూసొచ్చిన మనిషి, ఎప్పుడూ మెట్ల కింద నుంచే పలకరించేవాడు. పది నిమిషాల్లో బయల్దేరమన్నాడు. బయటికి చూస్తే చెట్ల పైన ఆకాశం ఇటుక రంగులో ఉంది.

ఏం తీసుకున్నానో ఇప్పటికీ వరసగా చెప్పగలను. పిల్లలిద్దరూ, డైపర్ల సంచి, పాల సీసాలు, నా ఫోను, రైస్ కుక్కర్. కుక్కర్ ఎందుకని అడగొద్దు. తర్వాత పడగ్గదిలోకి వెళ్లి ఇనప్పెట్టె ముందు నిలబడ్డాను. నంబర్లు తిప్పి తెరవడానికి నాకు ఎప్పుడూ ఒక నిమిషం పైనే పట్టేది, ఒక్కోసారి రెండోసారి తిప్పాల్సొచ్చేది. హాల్లో చిన్నవాడు ఏడుస్తున్నాడు. డయల్ మీద వేసిన చెయ్యి తీసేశాను. అన్నీ ఇనప్పెట్టెలోనే ఉన్నాయిగా, ఇంకా భయమెందుకు అనుకున్నాను. కారులో ముందు సీటు ఖాళీగానే ఉంది. దాని మీద కుక్కర్ పెట్టి బయల్దేరాను.

ఆ పెట్టె మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. మా ఆయన చదువుకోవడానికి వచ్చి, అప్పట్లో విదేశీయులను సైన్యంలోకి తీసుకుంటున్న మావ్నీ పథకం కింద చేరారు, పౌరసత్వం అలా వచ్చింది. నాలుగేళ్లలో మాకు బ్లాక్ ఫారెస్ట్‌ది నాలుగో ఇల్లు. వేటకు వెళ్లే స్నేహితుల సావాసంతో ఒక రైఫిలు, ఒక షాట్‌గన్, తర్వాత ఒక పిస్టలు ఇంట్లోకొచ్చాయి. మా అమ్మ ఫోన్లో, “ఇంట్లో అవెందుకే, పిల్లల తల్లివి” అని గోల. మా ఊళ్లో తుపాకి ఉన్న ఇల్లు ఒక్కటే, అదీ ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్లో అప్పగించి రావలసిందే. ఇక్కడ అది పలుగు, పారలాగా ఒక సామాను. నాకు మాత్రం అలవాటు కాలేదు. పిల్ల నడక నేర్చిన రోజునే పెట్టె కావాలని పట్టుబట్టాను. పిల్లలున్న ఇళ్లలో తుపాకి తాళం వేసి ఉంచాలన్న చట్టం కొలరాడోలో 2021లో వచ్చింది. నాకు చట్టం దాకా అక్కర్లేకపోయింది.

ఇంతలో 2012 జూన్‌లో వాల్డో కాన్యన్ మంటలు కొలరాడో స్ప్రింగ్స్‌లోకి దిగాయి. ఒక్క సాయంత్రంలో 346 ఇళ్లు పోయాయి, ఇద్దరు చనిపోయారు. ఆ పొగ మేము మా వాకిట్లోంచి చూశాం. దాంతో ఉత్త పెట్టె కాదు, మంటకు ఆగే పెట్టె కావాలనుకున్నాం. దుకాణంలో అలాంటివి బోలెడు ఉన్నాయి. మంచిదని చూపించినది దాదాపు 900 పౌండ్లు తూగుతుందన్నారు. అక్కడ మా లెక్క తప్పింది. సైన్యం బదిలీ చేసినప్పుడు సామాను సర్కారు ఖర్చుతోనే తరలిస్తుంది గానీ దానికి తూకం ఉంది. పెళ్లాం పిల్లలున్న సార్జంట్‌కు 9,000 పౌండ్లు. అది దాటితే ఎక్కువైనదానికి మన జేబులోంచి కట్టాలి. అప్పట్లో పెట్టె బరువూ అందులోకే లెక్క, పదో వంతు ఒక్క దానికే ఎవరిస్తారు? మెట్లున్న అద్దింట్లోకి దాన్ని ఎవరెక్కిస్తారు? చివరికి 240 పౌండ్లది కొన్నాం. తలుపు లోపల ఒక స్టిక్కరు: 1200 డిగ్రీల ఫారెన్‌హీట్, 30 నిమిషాలు. అంటే 650 సెల్సియస్‌కు దగ్గర. అంత వేడికి ఆగేది అరగంట ఆగితే చాలదా, ఆలోగా ఫైరింజను రాదా అనుకున్నాం.

పెట్టె వచ్చాక దాని మీద నమ్మకం రోజురోజుకీ పెరిగింది. మొదట తుపాకులే. తర్వాత పాస్‌పోర్టులు, ఆయన పౌరసత్వ పత్రం, పిల్లల జనన పత్రాలు. తర్వాత నా గొలుసులు, గాజులు. ఆఖరున మా నాన్న రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాలు, నలభై చిల్లర, నేను హాస్టల్లో ఉన్నప్పటివి. ఆయన పోయి అప్పటికి ఆరేళ్లు. ఇంట్లో ఏది పోగొట్టుకోకూడదనుకుంటే దాన్ని తీసుకెళ్లి తుపాకుల పక్కన పెట్టాను.

బ్లాక్ ఫారెస్ట్‌లో ఆ వారం దాదాపు 500 ఇళ్లు కాలిపోయాయి. ఇద్దరు తప్పించుకోలేకపోయారు. 14,000 ఎకరాలు బూడిద. మంట పూర్తిగా అదుపులోకి వచ్చేసరికి జూన్ 20 అయింది. అన్నాళ్లూ నేను ఒక సైనిక కుటుంబం ఇంట్లో, పిల్లలతో ఒక గదిలో ఉన్నాను. కాలిన ఇళ్ల జాబితాలో మా చిరునామా చూసుకున్న రాత్రి ఏడవలేదు. ముఖ్యమైనవి పెట్టెలో ఉన్నాయని మా అమ్మకు నేనే ధైర్యం చెప్పాను. మా ఆయన సెలవు దొరికి వచ్చాక ఆయనతోనూ అదే అన్నాను.

మమ్మల్ని లోపలికి పంపినరోజు మాస్కులు, రబ్బరు బూట్లు వేసుకుని వెళ్లాం. ఇల్లు లేదు. చెక్క ఇల్లు కదా, కూలి మొత్తం కింద బేస్‌మెంట్ గోతిలో పడింది. పడగ్గదిలో ఉండాల్సిన పెట్టె ఆ గోతిలో వెల్లకిలా పడి ఉంది, మీద కాలిన దూలాల బూడిద. రంగు పోయి తుప్పు పట్టి ఎర్రగా తేలింది. డయల్ కరిగి ముద్దయింది. చుట్టుపక్కల బూడిదలో ఇత్తడి తొడుగులు, పగిలి పువ్వుల్లా విచ్చుకున్నవి. తూటాలు వేరే డబ్బాలో, పెట్టె బయట ఉండేవి. అవి మంటలో పేలి ఎవరికైనా తగిలాయేమోనని నాకు అన్ని రోజులూ ఒకటే గుబులు. బయట పడి ఉన్న తూటా వేడికి పేలితే తొడుగు చిట్లుతుంది గానీ, గుండు గొట్టంలోంచి వచ్చినట్టు దూసుకుపోదని పక్కింటాయన చెప్పాడు. గుండు నింపి ఉంచిన తుపాకితోనే అసలు ప్రమాదమట. మావి ఎప్పుడూ ఖాళీగానే ఉండేవి.

ఆయనే గ్రైండర్ తెచ్చి తలుపు కోశాడు. మొదట ఒక వాసన వచ్చింది, తడిసిన సున్నం, కాలిన ప్లాస్టిక్ కలిసినట్టు. అడుగున గోధుమరంగు బురద. రైఫిలు చెక్క భాగం బొగ్గయింది, పిస్టలు పిడి కరిగి అరకు అతుక్కుంది. షాట్‌గన్ చూడ్డానికి బాగానే ఉంది. మా ఆయన చేతిలోకి తీసుకోబోతే ఆ పెద్దాయన ఆపాడు. వేడికి ఉక్కు పదును పోతుంది, అది ఇక కాల్చడానికి పనికిరాదని అన్నాడు. వాటికి నేను బాధపడలేదు.

పాస్‌పోర్టులన్నీ ఒకే నల్లటి బిళ్ల అయ్యాయి. బంగారం నల్లబడి బురదలో దొరికింది. గొలుసుల గుళ్లలో పోసిన లక్క కరిగి కారిపోయి డొల్లలు మిగిలాయి. ముత్యాలు వేలు తగిలితే పిండి. ఉత్తరాల కట్ట మాత్రం కట్టలాగే, మడతలు మడతలుగా ఉంది, నల్లగా. పైదాని మీద బాల్‌పెన్ను రాత ఇంకా మెరుస్తోంది. “చిరంజీవి” అన్న మాట చదివాను. దాని కింది వరస కోసం వంగితే నా ఊపిరికి విరిగిపోయింది.

అప్పుడు ఏడ్చాను. గోతిలో కూర్చుని, మాస్కు తడిసిపోయేదాకా. మంట మీద కాదు నా కోపం. ఆ పెట్టె లేకపోతే ఆ రోజు ఉత్తరాలు బీరువాలో ఉండేవి, ఒక్క గుంజుడుకు సంచిలో పడేవి. కుక్కర్ పట్టిన సీట్లో అవి పట్టవా?

ఎందుకలా అయిందో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. ఆ తర్వాత చదివినంత నేను డిగ్రీకీ చదవలేదు. మంటకు ఆగే తుపాకి పెట్టెల్లో చాలావాటి గోడల్లో ఉండేది జిప్సమ్ బోర్డు, అంటే ఇళ్ల లోపలి గోడలకు కొట్టే అట్టే. జిప్సమ్ బరువులో ఐదో వంతు నీరు దాక్కుని ఉంటుంది. వేడెక్కితే అది ఆవిరై వేడిని పీల్చుకుంటుంది. ఆ ఆవిరి ఉన్నంతసేపే రక్ష. ఆ ఆవిరిలో కొంత లోపలికే వస్తుంది, బురద దానిదేనేమో. మాదానికి రేకు రెండు మిల్లీమీటర్లు లేదు, బోర్డు ఒక్క పొర.

ఇక స్టిక్కరు మాట. పరీక్షల్లో వాడే ప్రామాణిక కొలిమి అరగంటకే 1550 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, గంటకు 1700కు చేరుతుంది. మాది 1200 దగ్గర ఆపి కొలిచినది. ఎవరు కొలిచారో స్టిక్కరు మీద లేదు, నేనూ అడగలేదు. కాగితాల కోసం చేసిన పెట్టెలకు యూఎల్ అనే సంస్థ పెట్టే పరీక్ష వేరు. గంటసేపు ఆ 1700 దాకా కాల్చినా లోపల 350 డిగ్రీలు, అంటే 177 సెల్సియస్ దాటకూడదు. కంప్యూటర్ డిస్కులకైతే లోపల 125 ఫారెన్‌హీటే హద్దు. తుపాకుల సేఫులని అమ్మేవాటిలో ఎక్కువవాటి అసలు ముద్ర “రెసిడెన్షియల్ సెక్యూరిటీ కంటైనర్”. మామూలు చేతిపనిముట్లతో ఐదు నిమిషాలు లొంగకపోతే ఆ ముద్ర పడుతుంది. అది దొంగ గురించి, మంట గురించి కాదు. అయినా మా పెట్టె అరగంట కాదు, నిప్పుల గోతిలో రోజంతా పడుంది. 900 పౌండ్లదైనా ఆగేదని నేను చెప్పను. బేస్‌మెంట్ ఉన్న ఇంట్లో పై అంతస్తులో పెట్టడమే మొదటి తప్పు.

కాగితాలు మళ్లీ తెచ్చుకోవడానికి ఏడాది పైన పట్టింది. పౌరసత్వ పత్రానికి ఎన్-565 దరఖాస్తు, దానికి జత చెయ్యాల్సిన నకళ్లు పెట్టెలోనే కాలాయి. తుపాకుల సీరియల్ నంబర్లు రాసిన కాగితమూ పెట్టెలోనే. బీమావాళ్లు అడిగితే కొన్న దుకాణానికి వెళ్లి, తుపాకులు కొన్నప్పుడు నింపిన 4473 ఫారాలు వెతికించి తెచ్చుకున్నాం.

మా ఆయన మళ్లీ రైఫిలు కొంటానన్నప్పుడు కాదనలేదు గానీ, పెట్టె ఈసారి నేను ఎంచుతానన్నాను. విడి పలకలుగా వచ్చి బిగించుకునేది తీసుకున్నాను. స్నాప్‌సేఫ్, జానొటీ లాంటివాళ్లు అప్పట్లో అలా చేసేవాళ్లు. పలక పలకగా ఇద్దరు మోస్తే మెట్లెక్కుతుంది, బదిలీ వస్తే విప్పేయొచ్చు. అతుకులెక్కువ కాబట్టి మంటకు దాన్ని నమ్మను. అది పిల్లల చేతుల కోసం, దొంగ కోసం. ఇల్లుగలాయన ఒప్పుకుంటే కాంక్రీటు నేలకు బోల్టులు, కింది అంతస్తులోనే. సామాను లారీలో తూటాలు ఎక్కించరు, అందుకని బదిలీకి ముందే మా ఆయన ఖర్చు చేసేస్తారు. తుపాకులు ఎక్కించేటప్పుడు సీరియల్ నంబరు జాబితాలో రాయించి, నా కళ్లముందే సామాను డబ్బా మూతేయిస్తాను. కాగితాల నకళ్లకు యూఎల్ గంట ముద్ర ఉన్న చిన్న పెట్టె వేరే ఉంది. అదీ చాలదని నకళ్లు ఇంకో కట్ట విజయవాడలో మా అన్నయ్య బీరువాలో ఉంది.

బంగారం గుళ్లను విజయవాడ తీసుకెళ్తే కంసాలాయన కాటా మీద పెట్టి, “తగ్గింది లక్కేనమ్మా, బంగారం కాదు” అన్నాడు. లక్క పోసి మళ్లీ గుచ్చి ఇచ్చాడు.

విరగని ఉత్తరం ముక్కలు ఒక బిస్కెట్ డబ్బాలో దూది మధ్య ఉన్నాయి. ఆ డబ్బా, అసలు కాగితాలు, పిల్లల ఫోటోలు ఒక గుడ్డ సంచిలో వేసి తలుపు పక్కన మేకుకు తగిలిస్తాను. కొత్త ఇంట్లో దిగగానే పాలు పొంగించేలోపే ఆ మేకు కొడతాను. ఇప్పటికి మూడిళ్లు మారాం. మూడుసార్లూ ఆ కన్నానికి డిపాజిట్‌లో కోత పడింది.