మనుషుల్లేని దీవికి మన చెత్త

దక్షిణ పసిఫిక్ సముద్రం నడుమ హెండర్సన్ అనే పగడపు దీవి ఉంది. బ్రిటన్ ఏలుబడిలోని పిట్‌కెయిర్న్ దీవుల్లో ఒకటి. విస్తీర్ణం 37 చదరపు కిలోమీటర్లు. మనుషులెవరూ ఉండరు. పెద్ద ఊరేదైనా చూడాలంటే అయిదువేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించాల్సిందే. ప్రపంచంలో మరెక్కడా కనిపించని పక్షిజాతులు నాలుగు ఇక్కడున్నాయి. మనిషి చెయ్యి పెద్దగా పడని దీవి కావడంతో 1988లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది.

మనిషి వెళ్లలేదు సరే, అతను పారేసిన చెత్త మాత్రం వెళ్లింది. దక్షిణ పసిఫిక్‌లో సుడి తిరిగే ప్రవాహాలు ఎక్కడెక్కడి ప్లాస్టిక్‌నో మోసుకొచ్చి ఈ ఒడ్డున పడేస్తుంటాయి. గవ్వల్లో తలదాచుకోవాల్సిన పీతలు సీసా మూతల్లో, క్రీము డబ్బాల్లో కాపురం పెట్టాయి.

2015లో జెన్నిఫర్ లేవర్స్ అనే శాస్త్రవేత్త బృందంతో వెళ్లి ఈ చెత్తను లెక్కకట్టారు. తీరమంతా ఎంచడం ఎవరి తరం? అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టే, అక్కడక్కడా హద్దులు గీసుకుని ఆ మేరకు ఏరి లెక్కపెట్టారు. పైపైన చూసి ఊరుకోకుండా పది సెంటీమీటర్ల లోతు వరకూ ఇసుక తవ్వి వెతికారు. అసలు సంగతి అప్పుడు బయటపడింది. నూటికి 68 ముక్కలు ఇసుకలో పూడుకుపోయినవే! కంటికి కనిపించేది మూడో వంతు మాత్రమే. కొన్నిచోట్ల చదరపు మీటరుకు 671 ముక్కలు తేలాయి. దీవి మొత్తమ్మీద 3 కోట్ల 77 లక్షల ముక్కలు, బరువు 17.6 టన్నులు ఉంటుందని 2017లో ప్రకటించారు. అంతకన్నా లోతున ఉన్నవీ, 2 మిల్లీమీటర్లకన్నా చిన్నవీ ఈ లెక్కలో లేవు.

పోనీ, ఊడ్చేస్తే? 2019లో మరో బృందం వెళ్లి ఒక తీరంలో ఆరు టన్నుల దాకా ఏరింది. సముద్రం సహకరించక, ఓడకెక్కించే వీల్లేక, ఏరినదంతా అక్కడే కుప్పపోసి రావాల్సి వచ్చింది. ఉత్తర తీరంలోనైతే ప్రతి పది మీటర్ల మేర రోజూ 17 నుంచి 268 దాకా కొత్త ముక్కలు కొట్టుకొస్తున్నట్టు 2015లోనే తేలింది.

లేవర్స్ బృందం మరో లెక్క కూడా వేసింది. దీవిని ముంచెత్తిన ఆ 17.6 టన్నులూ ప్రపంచం ప్లాస్టిక్ తయారుచేసే వేగంతో పోలిస్తే రెండు సెకన్ల ఉత్పత్తి కూడా కాదు. ఏళ్ల తరబడి పేరుకున్నది మనం రెప్పలార్పేలోగా తయారైపోతుంటే, ఎన్ని చీపుళ్లు పట్టుకెళ్లినా ఏం లాభం?