భద్రాద్రి దారిలో ఒక నాటకం

‘భద్రాచలం రోడ్’ అనే రైల్వే స్టేషనులో దిగి, రాములవారి గోపురం ఎటు కనిపిస్తుందా అని చుట్టూ చూసే యాత్రికులు ఇప్పటికీ ఉన్నారు. స్టేషను ఉన్నది కొత్తగూడెంలో. గోపురమేమో అక్కడికి 40 కిలోమీటర్ల దూరాన, గోదావరికి ఆవలి ఒడ్డున! ఖమ్మం నుంచి రోడ్డున పోతే మొత్తం 120 కిలోమీటర్లు ఉంటుంది. భక్తులూ, బొగ్గు లారీలూ, పెళ్ళివారి బస్సులూ నిత్యం తిరిగే ఆ దారిన మొన్న సంక్రాంతి వెళ్ళిన వారంలో మేము నాటకం సామానుతో బయలుదేరాము.

సామానంటే తెరలు, సంకెళ్ళు, హార్మోనియం, తబలా, ఎనిమిది దీపాలు, ఒక ల్యాప్‌టాప్.

నాటకం రామదాసు కథ. మా జిల్లావారికి ఇది ఇంటి కథ. కంచర్ల గోపన్న పుట్టిన నేలకొండపల్లి ఖమ్మానికి చేరువలోనే ఉంది. తహసీల్దారీ చేసింది పాల్వంచ పరగణాకు. గుడి కట్టించింది భద్రాచలంలో. ఖైదు మాత్రం దూరాన గోల్కొండలో. ఖమ్మంలో నాటకశాల పేరు కూడా భక్త రామదాసు కళాక్షేత్రమే. పగలు ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రుళ్ళు పద్యాలు పాడే పదిహేనుమంది మిత్రులకు ఉచ్చారణ సరిచూసి పెట్టడం నా పని. తెలుగు పంతులుకు అంతకన్న పెద్ద వేషం ఎవరిస్తారు?

రామదాసు వేషధారికి డెబ్బయి రెండేళ్ళు. మోకాళ్ళు సహకరించడం లేదు గనుక, ఈ ఏటితో సరి అని ఆయన ముందే చెప్పేశాడు. తీరా ల్యాప్‌టాప్ సంగతి చెవిన పడగానే, “అయితే నేను రాను సారూ” అని కూర్చున్నాడు. కిందటేడు ఒకచోట ఎవరో సంగీతమంతా రికార్డు చేసి పెట్టారట. ఈయన ఆలాపన ఇంకా పూర్తికాలేదు, రికార్డు తరువాతి ఘట్టానికి పోయింది. జనం నవ్వారు. “ఆ మిషను ఎనకాల నేను ఉరకాల్నా?” అన్నప్పుడు ఆయన గొంతు వణికింది. ఆయన రాకపోతే నాటకం లేదు. ఆ పద్యాలన్నీ నోటికి వచ్చినవారు మాలో మరొకరు లేరు.

ల్యాప్‌టాప్ తెచ్చింది మా కళాశాలలో డిగ్రీ చదివే కోయ అమ్మాయి. ఆమెది దుమ్ముగూడెం వైపు, అడవి అంచున ఒక పల్లె. మేము ఆడబోయేదీ ఆ పల్లెలోనే. బతిమాలి, బామాలి తాతను వ్యానులో ఆమె పక్కనే కూర్చోబెట్టాము.

కొత్తగూడెం చేరేసరికి గాలిలో బొగ్గు వాసన తగిలింది. సింగరేణి గనుల కేంద్రం కదా! బొగ్గూ నాటకమూ అనగానే నాకు తాపస్ సేన్ గుర్తుకు వచ్చారు. 1959లో కలకత్తా మినర్వా థియేటరులో ఉత్పల్ దత్ ‘అంగార్’ నాటకం ఆడించినప్పుడు, గనిలోకి నీరు పొంగి కార్మికులు మునిగిపోయే దృశ్యాన్ని ఆయన కేవలం దీపాలతోనే చూపించారు. రంగస్థలం మీద చుక్క నీరు లేదు. దీపాలు నడపడానికి కంప్యూటరూ లేదు. మన సురభివారి మాట చెప్పనే అక్కరలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబాలు తాళ్ళతో, కప్పీలతో, ఇంటిల్లిపాది చేతులతో మాయాబజారు చూపిస్తూ వచ్చాయి.

తాత కూడా నోరు విప్పాడు. ఆయన కుర్రతనంలో దీపం తగ్గించడానికి ఉప్పునీళ్ళ కుండ ఉండేదట. నీళ్ళలో రెండు రేకులు. ఒకదాన్ని మెల్లగా పైకి లాగేకొద్దీ దీపం మందగిస్తుంది. “నీళ్ళు సలసల కాగేవి బిడ్డా. తడిచేత్తో ముట్టుకున్నోడు మళ్ళీ లేవడు” అన్నాడు.

“ఇప్పుడా కుండ పని ఇది చేస్తుంది తాతా” అంటూ ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచింది.

పాఠకులకు ఇక్కడ నాలుగు ముక్కలు చెప్పాలి. దీపాలకు ఆజ్ఞలు మోసుకుపోయే డిఎమ్‌ఎక్స్ అనే పద్ధతి 1986లో అమెరికాలో ఏర్పడింది. ఒక్క తీగమీద 512 మార్గాలుంటాయి. ఒక్కొక్క మార్గంలో 0 నుంచి 255 వరకు వెలుగు పెంచవచ్చు, తగ్గించవచ్చు. మా దీపం ఒక్కొక్కటి ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మొత్తం వెలుగు అని నాలుగు మార్గాలు తీసుకుంటుంది. ఎనిమిదింటికీ కలిపి 32 చాలు. దీపాలకు క్యూఎల్‌సీ ప్లస్, శబ్దాలకు లినక్స్ షో ప్లేయర్ అనే సాఫ్ట్‌వేర్లు పెట్టుకుంది ఆ అమ్మాయి. రెండూ డబ్బివ్వకుండా దొరికేవే. విదేశాల నాటకశాలల్లో పేరుపొందిన క్యూల్యాబ్ అనేది ఒకటుంది గాని, అది ఆపిల్‌వారి మాక్ యంత్రాలమీదనే నడుస్తుంది.

పూర్వం తెరపక్కన ఒకడు ఈల వేస్తే తెర లేచేది. ఆ ఈలనే ‘క్యూ’ అనుకోండి. సాఫ్ట్‌వేరులో ఈలలన్నీ వరుసగా పట్టీ రాసి ఉంటాయి. మీట నొక్కితే ఒకటి జరుగుతుంది. తరువాతిది దానంతటదే రావాలా, మళ్ళీ మీట నొక్కేదాకా ఆగాలా అన్నది ముందే నిర్ణయించుకోవచ్చు. తాత నవ్వులపాలైంది ఆ మొదటి రకంతోనే.

“మరి జనం వన్స్ మోర్ అంటే?” అన్నాడు తాత. అసలు ప్రశ్న అదీ! పద్యనాటకం గడియారాన్ని చూసి నడవదు. రాగం ఎంతసేపు తీయాలో నటుడి ఊపిరీ, జనం ఈలలూ కలిసి తేలుస్తాయి.

“పై గీతకు వెనక్కి పోతా తాతా. పద్యాలున్న చోటల్లా దాన్ని ఆపే ఉంచిన. నువ్వు కదిల్తేనే నేను నొక్కుత.”

తాత ఏమీ అనలేదు. సారపాక దాటి వంతెన ఎక్కగానే గోదావరికి చేతులు జోడించాడు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులెత్తు పొంగిన నది, ఆనాడు ఇసుకతిన్నెల మధ్య సన్నని పాయలుగా పడుకుని ఉంది. గోపురాన్ని దూరంనుంచే దర్శించి, పర్ణశాల దారి పట్టాము. ఇరువైపులా తునికి చెట్లు, ఇప్పచెట్లు దగ్గరపడ్డాయి.

బడి ఆవరణలో రంగస్థలం. వెనుక జనరేటరు. చుట్టుపక్కల గూడేలనుంచి దుప్పట్లు కప్పుకుని వచ్చిన జనం. ఖైదు ఘట్టం వచ్చింది. నీలిచీకటిలో తాత పద్యం ఎత్తాడు. ముగించేసరికి “వన్స్ మోర్!” అని కేకలు. దీపాలు అప్పటికే తెల్లవారుజాము రంగుకు తిరుగుతున్నాయి. అమ్మాయి ఒక మీట నొక్కింది. మూడు క్షణాల్లో ఖైదు మళ్ళీ నీలిచీకటయింది. తాత ఓరకంట అటు చూసి, రెండోసారి మొదటికన్న సావకాశంగా ఎత్తుకున్నాడు.

సగంలో జనరేటరు ఆగిపోయింది! దీపాలు లేవు, మైకు లేదు. తాత మాత్రం ఆపలేదు. హార్మోనియం ఆయన్ను వదల్లేదు. ఆ చీకట్లో వట్టి గొంతు చివరి వరుసదాకా వినిపించింది. పసిపిల్లలు కూడా కదలలేదు. ల్యాప్‌టాప్ తన బ్యాటరీ మీద తాను నడుస్తూ, దీపాలకు చెప్పవలసిన మాట చెబుతూనే ఉన్నది. జనరేటరు లేవగానే ఎనిమిది దీపాలూ ఆ నీలిరంగులోనే వెలిగాయి. తాత చెయ్యి దించాడు. అప్పుడు తెల్లవారింది.

సామాను సర్దుతుండగా ఆ పట్టీ చూశాను. ప్రతి క్యూకూ ఎదురుగా, ఎప్పుడు నొక్కాలో తెలుగులో రాసుకుంది. ఒకచోట ‘తలుపు చప్పుడు’, ఒకచోట ‘తానీషా కూర్చున్నాక’. తెల్లవారే దీపం దగ్గర ‘తాత చెయ్యి దించాక’ అని ఉంది.

చదివి వినిపిస్తే తాత కాసేపు నవ్వాడు. తిరుగుప్రయాణంలో పాల్వంచ దాటాక మెల్లగా నావైపు ఒరిగి, “ఉగాదికి ఎక్కడన్నా ఒప్పుకుందామా సారూ?” అన్నాడు.